జవాబు చెప్పే అధికారం: ప్రజాసంబంధాలు, సామాజిక మాధ్యమాలు



పౌరసంబంధాల అధికారి పేరిట స్మారకోపన్యాసం జరగడం అరుదు. తన పేరు బయటికి రాకుండా పనిచేయడమే ఆ వృత్తి మర్యాద. ప్రకటన కింద మంత్రి పేరుంటుంది, కలెక్టరు పేరుంటుంది, సంస్థ పేరుంటుంది. రాసినవాడి పేరుండదు. ఈనాటి ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో ఆయన జిల్లాల్లో అలాగే పనిచేసి రిటైరయ్యారు. ఆహ్వానపత్రిక మీద ఆయన పేరు చూసి వచ్చిన మీకు ఆయన గుణగణాలు నేను వర్ణించనక్కర్లేదు. నా ఉపన్యాసానికి ఆధారం గనుక ఒక్క సంగతి చెబుతాను. విలేకరి ఏదైనా అడిగితే ‘కనుక్కొని చెబుతాను’ అనడం ఆఫీసుల్లో అందరూ చేసేదే. ఆయన నిజంగానే కనుక్కునేవారు, సాయంత్రంలోగా చెప్పేవారు. అలా కనుక్కోవడానికి ఏ ఇంజినీరు గదిలోకైనా, ఏ తహసీల్దారు గదిలోకైనా చీటీ పంపకుండా వెళ్లగలిగే స్థానం ఆయన సంపాదించుకున్నారు.

‘ప్రజాసంబంధాల్లో సామాజిక మాధ్యమాలను సమర్థంగా వినియోగించుకోవడం’ గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఏ వేళలో పోస్టు పెట్టాలి, వీడియో ఎన్ని సెకన్లుండాలి, హ్యాష్‌ట్యాగ్ ఎలా ఎంచుకోవాలి అనే విషయాల మీద శిక్షణ తరగతులకు కొదవ లేదు. అవి అవసరమే. అయితే అక్కడ నేర్చుకున్నది ఏడాది తిరిగేసరికి పాతబడిపోతుంది. పాతబడని ఒక్క విషయం మీదే నిలబడదామని నా కోరిక. ఖాతా నడిపే మనిషికి సంస్థలో పని జరిపించే అధికారం ఉందా, లేదా? సామాజిక మాధ్యమాల్లో ఒక సంస్థ సమర్థత ముప్పాతిక వంతు ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉందని నా నమ్మకం. ఈ ప్రశ్న ఫేస్‌బుక్‌తో పుట్టలేదు.

మన సీమ నుంచే మొదలుపెడతాను. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తర్వాత అక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాల్లో గుడారాలు వేసుకుని, ఊరూరా తిరుగుతూ రైతుల మొర విన్నాడు. వచ్చినది శిస్తు కట్టించుకోవడానికే. వలస పాలకుణ్ని కీర్తించడం నా ఉద్దేశం కాదు. గమనించవలసిన విషయం మరొకటుంది. శిస్తు మోయలేనంత బరువైందని విని, చూసి, పోయేముందు నాలుగో వంతు తగ్గించాలని ఆయన సిఫారసు చేశాడు. పైవారు అప్పట్లో ఒప్పుకోలేదు. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే ఆ తగ్గింపు ఆచరణలోకి వచ్చింది. ఏడేళ్లు ఎంత ఓపికగా విన్నా, అధికారం చేతికొచ్చేదాకా రైతు చేతిలో మిగిలింది లేదు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో మరణించిన ఆ మనిషి పేరు సీమ పల్లెల్లో పిల్లలకు పెట్టుకున్నారంటే, అందుకు గుడారమొక్కటే కారణం కాదు. గుడారంలో విన్నది చివరికి లెక్కల పుస్తకంలోకి ఎక్కింది.

ఆధునిక ప్రజాసంబంధాల వృత్తికి ఆద్యుల్లో ఒకరిగా చెప్పుకునే ఐవీ లీ కథలోనూ ఇదే కనిపిస్తుంది. 1906 అక్టోబరు 28న అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి రైలు వంతెన మీంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. ప్రమాదాన్ని దాచిపెట్టడం ఆనాటి రైలు కంపెనీల అలవాటు. లీ దానికి ఎదురు వెళ్లాడు. కంపెనీ తరఫున వివరాలతో ప్రకటన తయారుచేసి పత్రికలకు ఇచ్చాడు, విలేకరులను సంఘటన స్థలానికి తీసుకెళ్లే ఏర్పాటు చేయించాడు. మొట్టమొదటి పత్రికా ప్రకటనగా దాన్నే వృత్తి చరిత్రకారులు లెక్కిస్తారు. ఆ రోజు కంపెనీ తలుపులు తెరిపించగలిగాడు గనుక ఆ ప్రకటనకు విలువ వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత కొలరాడోలోని లడ్‌లోలో గని కార్మికుల మీద, వారి భార్యాబిడ్డల మీద కాల్పులు జరిగినప్పుడు అదే లీ రాక్‌ఫెల్లర్ల తరఫున కరపత్రాలు అచ్చువేయించాడు. గని యాజమాన్యం చెప్పిన మాటలను సరిచూడకుండానే అందులో పెట్టానని తర్వాత విచారణ సంఘం ఎదుట ఒప్పుకోవలసి వచ్చింది. కలం అదే, మనిషి అతడే. లోపలికి వెళ్లి నిజం తేల్చే స్థానం మొదటిసారి ఉంది, రెండోసారి లేదు, లేదా దాన్ని ఆయన అడగలేదు. ఆ రెండోదాని ఫలితంగా అంటుకున్న చెడ్డపేరు ఆయన బతికున్నన్నాళ్లూ వదల్లేదు.

మన దేశంలో ప్రభుత్వ సమాచార వ్యవస్థ 1919లో సిమ్లాలో హోం శాఖ కింద ఒక చిన్న విభాగంగా మొదలైంది. భారతదేశ పరిస్థితుల మీద బ్రిటిష్ పార్లమెంటుకు నివేదిక తయారుచేయడం దాని ముఖ్యమైన పని. అంటే పుట్టుకలోనే దాని ముఖం ప్రజల వైపు కాక పైవారి వైపు తిరిగి ఉంది. స్వాతంత్ర్యం తర్వాత ఆ ముఖం ఎంతవరకు తిరిగిందన్నది ఈ సభలో ఉన్న విశ్రాంత అధికారులకు నాకంటే బాగా తెలుసు.

జవాబు చెప్పే అధికారం లేని ఈ లోపాన్ని కప్పిపుచ్చే ఒక వెసులుబాటు పత్రికల కాలంలో ఉండేది. సంఘటనకూ వార్తకూ మధ్య ఒక రాత్రి ఉండేది. ఆ రాత్రిలోనే ఫైలు కదిలేది, ఫోన్లు మోగేవి, చిత్తుప్రతి మూడు బల్లలు తిరిగి మెరుగులు దిద్దుకుని వచ్చేది. పౌరసంబంధాల శాఖ అంతా ఆ రాత్రిలోనే కాపురముండేదంటే అతిశయోక్తి కాదు. చేతిలోని ఫోన్లు ఆ రాత్రిని తీసేశాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక, పట్నంలో తీసిన వీడియో తండాలో కూడా అదే నిమిషంలో కనిపిస్తోంది. జవాబు కోసం ఎదురుచూసే జనం ఇప్పుడు గుమ్మం ముందే నిలబడి ఉన్నారు. లోపలున్నవాడికి సమాధానం తెలియకపోతే, తెలిసినా చెప్పే అనుమతి లేకపోతే, ఆ సంగతి దాగదు.

దీనికి నేను తరచు తలుచుకునే ఉదాహరణ యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌ది. 2017 మార్చిలో ‘పీఆర్ వీక్’ అనే అమెరికన్ వృత్తి పత్రిక ఆ కంపెనీ అధిపతి ఆస్కార్ మునోజ్‌ను ఆ ఏటి మేటి కమ్యూనికేటర్‌గా ఎంపిక చేసింది. నెల తిరిగేసరికి, ఏప్రిల్ 9న, షికాగో విమానాశ్రయంలో కంపెనీ సిబ్బంది నలుగురికి సీట్లు కావలసివచ్చాయి. టికెట్ కొని సీట్లో కూర్చున్న ఒక పెద్దవయసు వైద్యుణ్ని భద్రతాధికారులు లాగి, విమానం నడవలో ఈడ్చుకుంటూ పోయారు. తోటి ప్రయాణికుల ఫోన్లలో అదంతా రికార్డయింది. ప్రయాణికులకు వేరే ఏర్పాట్లు చేయవలసి వచ్చినందుకు విచారిస్తున్నామని మునోజ్ పేరిట తొలి ప్రకటన వెలువడింది. సిబ్బందిని సమర్థిస్తూ, ప్రయాణికుణ్నే తప్పుపడుతూ ఆయన ఉద్యోగులకు రాసిన లేఖ వెంటనే బయటికొచ్చింది. సూటిగా క్షమాపణ చెప్పడానికి మరో రోజు పట్టింది.

ఈ ఉదంతాన్ని మాట తూలిన కథగా తరగతుల్లో చెబుతుంటారు. నాకు అందులో ఆసక్తి కలిగించే భాగం చివరిది. ఏప్రిల్ నెలాఖరున కంపెనీ తన పద్ధతులు మార్చుకుంది. సీటు స్వచ్ఛందంగా వదులుకునేవారికి 10,000 డాలర్ల దాకా ఇచ్చే వీలు కల్పించింది. భద్రతకు ముప్పు ఉంటే తప్ప పోలీసులను పిలవకూడదని, ప్రయాణించవలసిన సిబ్బంది గంట ముందే సీటు ఖాయం చేసుకోవాలని నియమం పెట్టింది. ఆ రోజు గేటు దగ్గర నిలబడ్డ ఉద్యోగి చేతిలో ఈ వీలు ఉండి ఉంటే వీడియో పుట్టేదే కాదు. ఉత్తమ కమ్యూనికేటర్ పురస్కారం పై అంతస్తులో ఉంది, అధికారం లేని మనిషి గేటు దగ్గర ఉన్నాడు. ఆ రెంటి మధ్య దూరాన్నే లోకమంతా ఫోన్లలో చూసింది.

మన దేశంలో 2015 నాటి మ్యాగీ నూడుల్స్ వివాదం మరో కోణం చూపుతుంది. అనుమతించిన 2.5 పీపీఎంకు బదులు 17.2 పీపీఎం సీసం ఉందన్న ప్రయోగశాల నివేదిక వార్తలకెక్కాక, సరుకు సురక్షితమని కంపెనీ చెబుతూనే వచ్చింది. నమ్మినవారు తక్కువ. జూన్ 5న సంస్థ ప్రపంచ స్థాయి అధిపతే ఢిల్లీకి వచ్చి, సరుకును అంగళ్ల నుంచి వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించాక గానీ జనం కంపెనీ మాటను మాటగా వినలేదు. ఆహార భద్రతా సంస్థ అదే రోజు నిషేధించింది, ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది, నవంబరులో నూడుల్స్ మళ్లీ అంగళ్లకెక్కాయి. కంపెనీ కోర్టులో నెగ్గింది. కానీ ఆ నడుమ వారాల్లో ‘సురక్షితం’ అన్న జవాబు రాసినవారికి సరుకు వెనక్కి తెప్పించే అధికారం లేదు, ఆ అధికారం ఉన్నవారు చాలాకాలం మాట్లాడలేదు.

ఇక మనవారి గుండెలకు దగ్గరైన ఉదాహరణ. గల్ఫ్ అనే మాట జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్లలో ఎంత బరువైనదో ఈ సభకు చెప్పనక్కర్లేదు. 2016 జులై చివర్లో, చమురు ధరలు పడిపోయి సౌదీ నిర్మాణ కంపెనీలు జీతాలు ఆపేసినప్పుడు, జెద్దాలో ఎనిమిది వందల మంది భారతీయులు మూడు రోజులుగా తిండి లేకుండా ఉన్నారని ఒకరు ట్విటర్‌లో విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్‌కు రాశారు. ఆమె అదే వేదిక మీద జవాబిచ్చారు. అంతటితో ఆగి ఉంటే అది ఒక మంచి ట్వీట్‌గా మిగిలేది. జెద్దాలోని కాన్సులేట్, అక్కడి భారతీయ సమాజం కలిసి వేల కిలోల ఆహారపదార్థాలు శిబిరాలకు చేర్చాయి. సహాయ మంత్రి వి.కె. సింగ్ సౌదీ వెళ్లారు. స్వదేశానికి రావాలనుకున్నవారికి నిష్క్రమణ వీసాలకు అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. పని పోయినవారి సంఖ్య వేలలో ఉందని ఆ క్రమంలోనే బయటపడింది.

సుష్మా స్వరాజ్ ట్విటర్ జవాబుల్లో చమత్కారం ఉండేది, కరుణ ఉండేది. వాటిని మెచ్చుకున్నవారు చాలామంది ఆమె శైలిని చూశారు. నేను ఆ శైలి వెనకున్న యంత్రాన్ని చూడమంటాను. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలోనే విదేశాంగ శాఖ ‘మదద్’ పేరుతో ప్రవాసుల ఫిర్యాదుల పోర్టల్ తెరిచింది. ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు, ఒక రాయబార కార్యాలయం, ఒక బాధ్యుడు ఏర్పడ్డారు. 2015 ఏప్రిల్‌లో యెమెన్ నుంచి ‘ఆపరేషన్ రాహత్’ ద్వారా 4,600 మందికి పైగా భారతీయులను తీసుకొచ్చిన అనుభవం శాఖకు ఉంది. మంత్రి ఒక వాక్యం రాస్తే, దాన్ని ఆదేశంగా తీసుకుని కదిలే మనుషులు జెద్దాలో, సనాలో, జిబూతీలో ఉండేవారు. ఆ కాలంలోనే రైల్వే మంత్రి సురేశ్ ప్రభు హయాంలో రైలు ప్రయాణికుల ట్వీట్లకు స్పందన వచ్చిందన్నా, రైల్ భవన్‌లోని చిన్న బృందం ఆ ఫిర్యాదును నేరుగా డివిజన్ అధికారికి పంపగలిగింది గనుకే వచ్చింది.

అయితే నాకు ఎక్కువగా నచ్చే ఉదాహరణ ఢిల్లీది కాదు, పాలమూరుది.

2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ సందేశాలు దేశమంతా చావులు తెచ్చాయి. కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ఒక ప్రచార చిత్రంలోంచి చివరి భాగం కత్తిరించి, నిజమైన అపహరణగా తిప్పారు. మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో జులై 1న ఐదుగురిని కొట్టి చంపారు. అదే నెలలో బీదర్ జిల్లాలో హైదరాబాదు యువ ఇంజినీరొకరు మూక చేతుల్లో ప్రాణం పోగొట్టుకున్నాడు. హైదరాబాదు పాతబస్తీలో, నిజామాబాదు జిల్లాలో కూడా రక్తం చిందింది. సందేశాలు ఎక్కడివో కనుక్కోవడం పోలీసులకు సాధ్యం కాలేదు. 2016 నుంచి ఆ వేదిక మీది మాటలు పంపినవాడికీ అందుకున్నవాడికీ తప్ప మూడోవాడికి కనిపించవు.

పాత పాలమూరులోని జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రమా రాజేశ్వరి దీన్ని ఎదుర్కొన్న తీరును ప్రజాసంబంధాల విద్యార్థులు జాగ్రత్తగా చదవాలి. ఆమెకు మొదటి హెచ్చరిక ఏ కంప్యూటరు తెర మీదా కనబడలేదు. గ్రామాల బాధ్యత అప్పగించిన కానిస్టేబుళ్లు తెచ్చిన కబురుతో తెలిసింది. ఎండాకాలం అరుగుల మీద, ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లు చూపించారు. నాలుగు వందలకు పైగా గ్రామాల్లో పోలీసులు ఇల్లిల్లూ తిరిగి, ఆ వీడియో ఎక్కడిదో, ఎలా అతికించారో చెప్పారు. ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కానిస్టేబుల్ కూడా సభ్యుడయ్యాడు. అనుమానం వస్తే తనకే పంపమన్నాడు. జానపద కళాకారులు పాట కట్టారు, డప్పు మోగింది. అప్పట్లో వచ్చిన వార్తల ప్రకారం ఆమె పరిధిలో ఈ వదంతుల వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.

ఇక్కడ వినియోగించిన మాధ్యమం ఏది? వాట్సాపా, డప్పా? రెండూ. కానీ పని చేసింది ఆ ఊరి పేరుతో, ఆ ఊరి బాధ్యతతో నిలబడ్డ ఒక కానిస్టేబుల్. అతడు చెప్పిన మాటకు వెనక ఠాణా ఉంది. రాత్రి ఫోన్ చేస్తే వస్తాడన్న నమ్మకం ఉంది. ఫార్వార్డ్ అయిన సందేశానికి పంపినవాడు ఎవరో తెలియదు, దానికి పోటీగా వచ్చిన జవాబుకు మాత్రం పేరూ ముఖమూ ఉన్నాయి. అదే జులైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వార్డ్ చేయకుండా పరిమితి విధించింది, పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చింది. ఆ పరిమితి మేలు చేసే ఉంటుంది. పూర్తి పేజీ ప్రకటన గద్వాల పల్లెల్లో ఎవరు చదివారో నాకు సందేహమే.

నా వాదానికి ఎదురుగా నిలిచే సంగతులు కూడా ఉన్నాయి. వాటిని దాటవేయను. జవాబు చెప్పే అధికారం ఉన్నవారు ఖాతా నడిపితే, ఖాతా ఉన్నవాడి గోడే ముందు వినిపిస్తుంది. జెద్దా నుంచి రాసిన మనిషికి ఫోనుంది, భాష వచ్చు. కోనసీమ నుంచో కడప నుంచో ఇంటిపనికి వెళ్లిన ఆడమనిషి ఫోను యజమాని బీరువాలో ఉంటే ఆమె ఎవరికి రాస్తుంది? సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్ వరండాలో అర్జీ పట్టుకుని కూర్చున్న ముసలాయనకు నెలల తరబడి రాని జవాబు, అదే సమస్య మీద పట్నంలోని మనవడు మంత్రికి ట్యాగ్ చేస్తే గంటలో వస్తోంది. దీన్ని మనం సమర్థత అని మెచ్చుకుంటున్నాం. నాకది వరసలో ముందుకు దూరడంలానే కనిపిస్తుంది. సమాచార హక్కు చట్టం ముప్ఫై రోజుల గడువిచ్చింది. అదే చట్టంలోని నాలుగో సెక్షన్, అడగకముందే సమాచారం బయటపెట్టమంది. ఆ సెక్షన్‌ను నిజాయితీగా పాటించే కార్యాలయానికి వచ్చే ట్వీట్లలో చాలా భాగం రానే రావు. ఈ మాట శిక్షణ తరగతుల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

రెండో చిక్కు, ఖాతా ఎవరిదన్నది. జనం కార్యాలయాన్ని కాక మనిషిని అనుసరిస్తారు. మంత్రి మారితే, కమిషనర్ బదిలీ అయితే, లక్షల మంది ఆ మనిషి వెంటే వెళ్తారు. వెనక వచ్చిన అధికారి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఫిర్యాదుల చరిత్ర, ఇచ్చిన హామీలు, సగంలో ఆగిన పనులు అన్నీ ఒకరి సొంత ఫోనులో మిగిలిపోతాయి. సర్కారు కొలువులో కుర్చీ దిగేటప్పుడు ఛార్జి అప్పగించడం పాత మర్యాద. బీరువా తాళాలు, రిజిస్టర్లు లెక్కపెట్టి సంతకం చేస్తాం. ఖాతాలకు ఆ మర్యాద ఇంకా అందరూ పాటించడం లేదు.

మూడో చిక్కు, డబ్బిచ్చి పొగడ్త రాయించుకోవడం. దాని గురించి ఎక్కువ చెప్పను. ప్రతిఫలం తీసుకుని చేసే పోస్టు మీద ఆ సంగతి స్పష్టంగా రాయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలిచ్చింది, 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా ఆ మాటే చెప్పింది. లడ్‌లో కరపత్రాలకూ, పేరు చెప్పకుండా కొనుక్కున్న ట్రెండింగ్‌కూ నడుమ వందేళ్ల దూరం ఉన్నా స్వభావంలో తేడా నాకు కనబడదు.

చివరగా, ఈ సభలో ఉన్న సంస్థల అధిపతులకు, శాఖల అధికారులకు ఒక విన్నపం. ఖాతా ప్రారంభించే రోజునే ఒక పేజీ ఉత్తర్వు జారీ చేయండి. ఖాతా కార్యాలయానిదని, వ్యక్తిది కాదని అందులో రాయండి. పౌరసంబంధాల అధికారి అడిగితే ఏ విభాగంలో ఏ అధికారి, ఎన్ని గంటల్లోగా సమాధానమివ్వాలో పేర్లతో కాక హోదాలతో రాయండి. ఇవ్వకపోతే ఆ విషయం నేరుగా అధిపతి బల్ల మీదికి వెళ్లాలని రాయండి. ఖాతాకు వచ్చిన ఫిర్యాదూ, ప్రజావాణిలో వచ్చిన అర్జీ ఒకే రిజిస్టరులో, వచ్చిన వరసలో నమోదు కావాలి. నెల చివర ఎన్నింటికి జవాబివ్వలేకపోయామో అదే ఖాతాలో మీరే ప్రకటించండి. మొదటి కొన్ని నెలలు ఆ అంకె పత్రికల్లో శీర్షికలవుతుందని, సిబ్బంది నొచ్చుకుంటారని నాకు తెలుసు. పౌరసంబంధాల అధికారి ఆ రోజుల్లో మీకు ఇబ్బందికరమైన మనిషిగా కనిపిస్తాడు. విలేకరి ప్రశ్న పట్టుకుని ఇంజినీరు గదిలోకి చీటీ పంపకుండా వెళ్లిన మనిషి కూడా, ఆ కాలంలో ఆ గదుల్లో ఉన్నవారికి అలాగే కనిపించి ఉంటారు. అలాంటివారిని జిల్లాకొకరినైనా నియమించండి, నియమించాక బదిలీ చేయకుండా కొంతకాలం ఉంచండి.